మిషను అరవని రోజు

పోయిన బుధవారం పొద్దున వేలూరు బాగాయంలో మా ఇంటి ముందు కొళాయి దగ్గర నీళ్ళు పడుతున్నాను. గేటు దగ్గర ఒకమ్మాయి వచ్చి నిలబడింది. వేలూరులో ఒక ప్రెస్సులో తమిళ టైపు చేసే పిల్ల. పనికి పోయే చీరలోనే ఉంది, భుజాన సంచీ ఉంది. కాని ఆ వేళకు ప్రెస్సు తెరవరు.

"ఏమ్మే, ఇంత పొద్దునే?" అన్నాను.

"టీచరమ్మ పొయినారక్కా. తెల్లారుజామున. ఆస్పత్రి నుంచి మా ప్రెస్సు ఓనరింటికి ఫోనొచ్చినాది. నీకు చెప్పకుండా ఎట్ల పోయేదని ఇట్ల వస్తిని."

నేను బిందె అక్కడే వదిలేసి లోపలికి పోయి చీర మార్చుకున్నాను. ఇద్దరం గుడియాత్తం బస్సెక్కాం. దారిలో టీచరమ్మ గురించి ఏమైనా చెప్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో నాకు తోచలేదు. ఇప్పుడు రాయడానికి కూర్చున్నా అదే పరిస్థితి. అయినా వరుసలో పెట్టి రాయడం నాకు అలవాటు కాబట్టి ప్రయత్నిస్తాను.

తమిళనాడులో వేలూరు దగ్గరి గుడియాత్తంలో, బజారు వెనక వీధిలో, లుంగీల కొట్టు మేడమీద, టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపిన టీచరమ్మ ఈ పత్రిక చదివేవారిలో చాలామందికి తెలిసి ఉండదు. ఆ వీధిలో మాత్రం ఆమెకు పేరు అవసరం లేకపోయింది. టీచరమ్మ అంటే ఆమె ఒక్కరే. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్ళకు నవ్వే జవాబు. ఎనిమిది టైపు మిషన్లు, ఒక గోడ గడియారం, కిటికీలో ఒక మట్టికుండ నీళ్ళు. ఇదే ఆమె సంసారం.

నేను చిత్తూరు వైపు నుంచి కోడలిగా ఆ వీధికి వచ్చినప్పుడు మా ఇల్లు ఆ మేడకు ఎదురుగా ఉండేది. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక ఆ టకటకలు వినబడుతుంటే ఒకరోజు మెట్లెక్కి పోయాను. ఆమె తలెత్తకుండానే "నీళ్ళు తాగి కూచోమ్మా, ఎండలో వచ్చినావు" అన్నారు. రెండేళ్ళకు నేను టైపు లోయర్ పరీక్ష పాసయ్యాను. ఉద్యోగం చేయలేదు గాని, ఒక పని మొదలుపెట్టి చివరిదాకా చేయడం ఎలాగో ఆ గదిలోనే నేర్చుకున్నాను.

ఆమె పద్ధతులు ఆమెవి. కొత్తగా చేరినవాళ్ళ చేతుల మీద పలచని తువాలు కప్పేవారు, అక్షరాలు వెతుక్కోకుండా. వరుసలో ఏ మిషను రిబ్బను తగులుకుందో వెనక్కి తిరిగి నిలబడి కూడా చెప్పేవారు. శనివారం సాయంత్రం పిల్లలందరూ ఎవరి మిషను వాళ్ళు తుడవాలి. ఎవరైనా గబగబా కొడుతూ తప్పులు చేస్తే దగ్గరికొచ్చి, "యాడికి పోతా ఉండావు పాపా, బస్సు పట్టుకోవాల్నా?" అనేవారు. "తప్పు లేకుండా కొట్టు. వేగం నువ్వు పిలవకపోయినా వస్తాది" అన్నది ఆ గదిలో రోజూ వినబడే మాట.

ఆమెది తెలుగిల్లే. ఇంట్లో, వీధిలో మాట్లాడేదంతా తెలుగే. టైపు చేసింది మాత్రం జీవితమంతా తమిళం, ఇంగ్లీషు. తెలుగు అక్షరాలు ఆమెకు చదవడం రాదు, అక్కడ చాలామందిలాగే. నేను పుట్టింటికి ఉత్తరం రాస్తుంటే పక్కన కూర్చుని చూసేవారు. "నేను మాట్లాడేది కాగితం మీద ఇట్ల ఉంటాదా?" అని ఒకసారి అడిగారు. ఈ నాలుగు పేజీలు ఆమె ఉన్నప్పుడే రాసి ఉంటే నేనే చదివి వినిపించాల్సి వచ్చేది. మధ్యలో కనీసం రెండుచోట్ల ఆపి దిద్దించేవారు.

నాలుగైదేళ్ళ కిందట టైపుకు పిల్లలు తగ్గడం మొదలైంది. కొత్త కంపెనీలు వస్తున్నాయి, పేపర్లలో ప్రకటనలు వస్తున్నాయి, ఏ ఉద్యోగానికైనా కంప్యూటర్ వచ్చా అని అడుగుతున్నారు. మగపిల్లలు కాట్పాడికో వేలూరుకో పోయి నేర్చుకున్నారు. ఆడపిల్లల సంగతే కష్టం. ఆ వీధుల్లో మగ్గాల ఇళ్ళు, బీడీలు చుట్టే ఇళ్ళు, మేస్త్రీల ఇళ్ళు. వాళ్ళు ఆడపిల్లను టీచరమ్మ మేడమీదికి పంపుతారు, ఎందుకంటే అక్కడ టీచరమ్మ ఉంది. ఊరు దాటి పంపరు. పెళ్ళి కుదిరేదాకా ఆ పిల్లకు దొరికేది రెండు మూడేళ్ళు. ఆ లోపల చేతికి పని వస్తే వచ్చినట్టు, లేకపోతే బీడీల చేటే.

అలాంటి పిల్లల్లో ఒకతే మొన్న మా గేటు దగ్గర నిలబడింది. తండ్రి మేస్త్రీ, ఇళ్ళ కట్టుబడి పనిలో పడి నడుము పోగొట్టుకున్నాడు. తల్లి బీడీలు చుట్టేది. "ఇది నాలుగు రూపాయలు తెచ్చేదాకా సంబంధాలు చూడను టీచరమ్మా, అదీ రెండేళ్ళే, అంతకు మించి ఆగలేను" అని ఆ తల్లి చెప్పి దిగబెట్టి పోయింది.

టీచరమ్మ చీటీ పాడి, నాలుగు పాత మిషన్లు అమ్మి, కంప్యూటర్ కొనాలనుకున్నారు. ఇంటి లెక్కలు చూసుకునేదాన్నని నన్ను తోడు రమ్మన్నారు. వేలూరులో విడిభాగాలు తెప్పించి కంప్యూటర్ బిగించి ఇచ్చే ఒక చిన్న కొట్టుకు పోయాం. కొట్టు కుర్రాడు మర్యాదస్తుడు. రెండు మిషన్లు పక్కపక్కన పెట్టాడు. ఒకదాని లోపల ఉన్నది 486 అనే పాత రకం ప్రాసెసర్, రెండోదాని లోపల ఉన్నది పెంటియం అనే కొత్త రకం. ప్రాసెసర్ అంటే ఏమిటని నేనడిగితే, "మెదడక్కా. మిగతాదంతా కాళ్ళూ చేతులూ" అన్నాడు.

నేను కాగితం మధ్యలో గీత గీసి అటూ ఇటూ రాసుకున్నాను. రంగుల తెరతో ఒక పెంటియం వచ్చే డబ్బుకు, నలుపు తెలుపు తెరలతో రెండు 486లు వస్తాయి, ఒకటి కొత్తది, ఒకటి వాడినది. కుర్రాడు ఒక బొమ్మ తెరిచి చూపించాడు. పెంటియంలో చిటికెలో వచ్చింది. 486లో పైనుంచి కిందికి, తెర దించినట్టు మెల్లగా దిగింది.

"నా పిల్లోళ్ళు బొమ్మలు చూడను రారు నాయనా," అన్నారు టీచరమ్మ. "కొట్టి చూస్తాను, కుర్చీ ఎయ్యి."

కూర్చుని, కళ్ళు మూసుకుని, ఇంగ్లీషులో ఒక వ్యాపార లేఖ కొట్టారు. ముందు ఒకదాని మీద, తర్వాత రెండోదాని మీద. కొట్టులో ఉన్నవాళ్ళందరూ మాటలాపి చూశారు. రెండు తెరల మీదా అక్షరం వేలు వెంటనే పడింది, తేడా లేదు.

"చూస్తివా? రెండూ నా చేతికోసరం కాచుకోనే ఉండాయి. ఊరికే కాచుకోని ఉండేదానికి రెండింతలు ఎందుకియ్యాల?"

"కాదు టీచరమ్మా, రేపటికి 486 అంటే ఎవురూ తిరిగి చూడరు. బోర్డులో పెంటియం అని రాసి పెట్టండి, జనం తోసుకోని వస్తారు."

"బోర్డు చదివేదానికి కాసు ఇస్తారా నీకు?" అన్నారామె. కుర్రాడు నవ్వేశాడు. ఆ తర్వాత అతనే, "సరి, అట్లయితే ఒక మాట. పేరుకు ఖర్చు పెట్టకుండా మెమరీ కొంచెం ఎక్కువ ఎయించుకోండి, అదే పనికొస్తాది" అని నిజాయితీగా చెప్పాడు. ఒక కుర్చీకి బదులు రెండు కుర్చీలు, రోజుకు రెండింతల మంది పిల్లలు. కాగితం మీద నాకు ఏ లోటూ కనబడలేదు. రెండు 486లు బాడుగ కారులో గుడియాత్తం చేరాయి.

ఇంటికొచ్చి తమిళం టైపు చేసే ప్రోగ్రాం వేసినప్పుడు సంగతి తెలిసింది. కొట్టులో ఆమె ఇంగ్లీషు కొట్టి చూశారు. కంప్యూటర్ ముందు ఇంగ్లీషే కొట్టాలని ఆమెకెందుకో అనిపించింది. కాని ఆమె పిల్లలకు కూడు పెట్టేది తమిళ టైపు. తమిళ అక్షరాన్ని తెర మీద గీయడానికి ఆ పాత ప్రాసెసర్ తడబడింది. ఆమె వేళ్ళు వాక్యం చివరికి పోయేసరికి తెర మీద అక్షరాలు ఇంకా మధ్యలో ఉండేవి. మరీ వేగంగా కొడితే మిషను ఆ అక్షరాలను దాచుకోగలిగినంత దాచుకుని, ఇక చోటు చాలదని "కీక్" మని అరిచేది. ఆ తర్వాత కొట్టిన అక్షరాలు పడేవి కావు. అది అరవగానే చేతులు ఎత్తేసి, అక్షరాలన్నీ వచ్చేదాకా ఆగి, మళ్ళీ కొట్టాలి.

మొదటిరోజు ఆమె ముఖం చిన్నబోయింది. కాని పిల్లలు దాన్ని ఆటగా మార్చేశారు. కొత్తగా నేర్చేవాళ్ళు ఎంత కొట్టినా మిషను అరవదు. చేయి తిరిగినవాళ్ళు కొడితేనే అరుస్తుంది. "నిన్న నేను అరిపించినానే!" "పోవే, అది నీకు కాదు, కరెంటుకు అరిచినాది!" మెట్ల మీద దిగుతూ ఇవే మాటలు. మిషనును అరిపించడమంటే పాసైనట్టే. టీచరమ్మ మొదట వద్దన్నారు, తర్వాత నవ్వారు, తర్వాత ఆమె కూడా ఒక చెవి అటే వేసి ఉంచేవారు. పేజీకి నాలుగైదు సార్లు అరిపించిన పిల్లను, "ఇంక నీకు భయం లేదు, పని వెతుక్కో" అనేవారు. అందరికంటే ఎక్కువగా అరిపించింది మేస్త్రీ కూతురే.

ఆ ఏడాదే బజారు మొదట్లో ఇంకొక కంప్యూటర్ సెంటర్ తెరిచారు. మేడమీద పెద్ద కిటికీలు, రంగుల తెరలు, బోర్డు మీద మనిషంత అక్షరాలతో పెంటియం. కొట్టు కుర్రాడు చెప్పినట్టే జనం అటు పోయారు. టీచరమ్మ దగ్గర మిగిలినవాళ్ళు అంత ఫీజు కట్టలేనివాళ్ళు, అబ్బాయిలు ఉన్నచోటికి ఇంట్లో పంపనివాళ్ళు.

వేలూరు ప్రెస్సులో తమిళ టైపుకు మనిషి కావాలని తెలిసింది. రోజూ బస్సులో పోయిరావచ్చు, ప్రెస్సులో ఆడవాళ్ళే ఎక్కువ. మేస్త్రీ కూతురి తల్లిని ఒప్పించడానికి టీచరమ్మ మూడుసార్లు ఆ ఇంటికి పోయారు. "ఒక్క తూరి పంపుతా. వస్తే వచ్చినట్టు. రాకపోతే మా అన్న తెచ్చిన సంబంధం కాయం చేస్తా" అంది తల్లి. ఆ సంబంధం రెండో పెళ్ళివాడు. ఆ సంగతి వీధికంతా తెలుసు.

ప్రెస్సులో టైపు పరీక్ష పెట్టిన రోజు సాయంత్రం నేను టీచరమ్మ దగ్గరే ఉన్నాను. ఆ పిల్ల మెట్లెక్కి వచ్చి గడప దగ్గరే కూలబడింది.

"అది అరవలేదు టీచరమ్మా."

"ఏది?"

"ఆడుండే మిషను. ఎంత కొట్టినా అరవలేదు. నిదానంగా కొడతా ఉండానేమో అనుకోని ఇంకా ఏగంగా కొట్టినా. అయినా అరవలేదు. ఇంకా ఏగంగా కొట్టినా..."

కాగితం చేతిలోనే ఉంది. ఎర్ర సిరా గీతలతో నిండిపోయింది. ప్రెస్సులో ఉన్నది పెంటియం. ఆ పిల్ల వేగం దానికి ఒక లెక్కే కాదు. అరుపు కోసం ఎదురుచూస్తూ, అది రాకపోయేసరికి తన చేయి పడిపోయిందనుకుని, ఆ పిల్ల ఎన్నడూ చేయని తప్పులు చేసి వచ్చింది.

టీచరమ్మ ఆ కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకుపోయి మొదటినుంచి చివరిదాకా చదివారు. తిట్టలేదు. ఓదార్చలేదు. కాగితం మడుస్తూ, "ఈ తప్పులు నీవి కాదు పాపా" అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "ఆ కొట్టులో మనం రాసిన కాగితంలో ఒకటి రాయక పోతిమి కదమ్మా. దీని మీద నేర్చినోళ్ళు రేపు ఏ మిషను ముందర కూచుంటారో, అది రాయక పోతిమి" అన్నారు.

మరునాడు ఆ పిల్లనూ నన్నూ వెంటబెట్టుకుని వేలూరు ప్రెస్సుకు పోయారు. ఎవరినీ ఏదీ అడిగి ఎరగని మనిషి. ఓనరు మన తెలుగువాళ్ళే, పెద్దాయన. ఆమె నిలబడే మాట్లాడారు.

"పిల్ల మింద తప్పు లేదప్పా. నా మిషను నిదానం. దాని లోటును నేను కొలతబద్దగా పెట్టి నేర్పిచ్చినా. తప్పు నాది. ఇంకోతూరి చూడండి."

"అట్లడిగితే ఎట్లమ్మా? ఇంకా నలుగురు ఉండారు."

"నలుగుర్నీ చూడండి. దీన్నీ చూడండి. ఒక నెల ఇయ్యండి."

ఆయన కుర్చీ చూపించి, "కూచోండి ముందు" అన్నాడు. నెల కుదరదు, పదిహేను రోజులన్నాడు. ఆమె రెండు చేతులూ ఎత్తి దండం పెట్టారు. నాకు మనసు కష్టమైంది.

ఊళ్ళో బస్సు దిగాక ఆమె ఇంటివైపు తిరగలేదు. నేరుగా బజారు మొదట్లో ఉన్న ఆ కొత్త సెంటర్ మెట్లెక్కారు. అక్కడ నేర్పించే అబ్బాయి ఆమె దగ్గరే టైపు హయ్యర్ పాసైనవాడు. ఆమెను చూడగానే కుర్చీ వెనక్కి తోసి లేచాడు. గదిలో ఉన్నవాళ్ళందరూ తిరిగి చూశారు.

"కూచో నాయనా. ఈడ నువ్వు సారువి. ఇద్దరం చేరను వచ్చినాము. నేనూ, ఈ పాపా. పొద్దున ఒక గంట."

"టీచరమ్మా, మీరు... ఫీజు ఏం వద్దు. ఎప్పుడంటే అప్పుడు రాండి."

"ఫీజు తీసుకోకపోతే నేను రాను. నువ్వు నా దగ్గర ఊరికే నేర్చుకుంటివా?"

ఆ పదిహేను రోజులూ పొద్దున ఆమె మేస్త్రీ కూతురి పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నారు. చుట్టూ ఆమెను వదిలి వచ్చిన పిల్లలే. కొందరు సిగ్గుపడ్డారు. ఒకబ్బాయి నవ్వాడని కూడా విన్నాను. ఆమె ఎవరినీ పట్టించుకోలేదు. మొదటిరోజు తానే కొట్టి చూశారు. ఒక పేజీ అయ్యాక చేతులు ఒళ్ళో పెట్టుకుని, "ఎంత మెత్తగా మెదువుగా ఉండాదే ఇది! ఏమీ అడగదు, ఏమీ అనదు" అన్నారు. తర్వాత ఆ పిల్లతో, "అరిచేదాని దగ్గర అది చెప్పేది వినాల. అరవనిదాని దగ్గర మనల్ని మనమే పట్టుకోవాల. నీ పాటికి నువ్వు కొట్టు. అది వస్తాది వెనకాలే" అన్నారు.

రెండో పరీక్షలో ఆ పిల్లకు పని దొరికింది. ఆ రెండో పెళ్ళి సంబంధం ఆగిపోయింది. ఇప్పుడు ఆ ఇంట్లో తండ్రి మందులకూ తమ్ముడి చదువుకూ ఆ పిల్ల జీతమే ఆధారం.

టీచరమ్మ మాత్రం ఆ తర్వాత మారిపోయారు. మిషను అరిస్తే పిల్లలను సంబరపడనిచ్చేవారు కాదు. కొత్తగా చేరనొచ్చిన వాళ్ళకు మొదటిరోజే చెప్పేసేవారు: "ఇది పాతది. చేయి ఈడ నేర్చుకోండి. పనికి పొయ్యే ముందర ఆ సెంటర్లో కొన్ని దినాలు కూచోండి." అలా చెబితే ఎవరు చేరతారు? నేను అదే అన్నాను. "చెప్పకుండా చేర్చుకుంటే నాకు అన్నం దిగదమ్మా" అన్నారు. మావారికి బదిలీ అయి మేము బాగాయం వచ్చేసరికి ఆ మేడమీద నలుగురో ఐదుగురో పిల్లలు మిగిలారు.

ఈ ఏడాది ఆమెను వేలూరు ఆస్పత్రిలో చేర్చినప్పుడు నేను రోజూ మధ్యాహ్నం జావ కాచి తీసుకుపోయేదాన్ని. ఒకరోజు ఉన్నట్టుండి, "ఆ పెంటియం ఇప్పుడు ఎంతకొస్తా ఉండాదంట?" అని అడిగారు.

"మనం చూసినప్పటికంటే సగానికి పైనే తగ్గిందంట టీచరమ్మా."

జావ గిన్నె పక్కన పెట్టారు. "అయితే కొంచెం ఆగింటే బాగుండు." మళ్ళీ తనే, "నేను ఆగుతాను సరే. ఆ పిల్లోళ్ళు ఆగుతారా? ఆళ్ళకుండేది రెండేళ్ళు" అన్నారు. ఇన్నాళ్ళూ వస్తువులు కొనడం గురించి నేను నేర్చుకున్నదంతా ఆ రెండు మాటల ముందు చిన్నదైపోయింది. ఏ వస్తువైనా రేపు చవకవుతుంది. ఈ రోజు దాని అవసరం ఉన్న మనిషి రేపటిదాకా ఉండకపోవచ్చు. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసి కూడా తాను చేసింది సరేనని తనకు తాను ఎన్నడూ చెప్పుకోలేదు. నాకు అదే ఇప్పటికీ బాధ. ఆమె దగ్గర చేయి నేర్చుకుని బతుకుతున్నవాళ్ళు ఎంతోమంది ఉండగా, ఆమె మనసులో నిలిచిపోయింది ఎర్ర సిరా పడిన ఆ ఒక్క కాగితమే.

బుధవారం మేము గుడియాత్తం చేరేసరికి ఆమెను ఇంటికి తెచ్చేశారు. తమ్ముడి కొడుకులు కాట్పాడి నుంచి వచ్చి అన్నీ చూశారు. మధ్యాహ్నం ఎత్తారు. తప్పెట్ల వెంట ఆడవాళ్ళం వీధి చివరిదాకా నడిచాం. బజారు మొదటికి వచ్చేసరికి ఆ సెంటర్ మేడమీదినుంచి పిల్లలు గబగబా దిగి రోడ్డు పక్కన వరుసగా నిలబడ్డారు. నేర్పించే అబ్బాయి చెప్పులు విడిచి వచ్చి, ముందున్నవారిని అడిగి, పాడెకు భుజం పట్టాడు.

ఆడవాళ్ళం అక్కడ ఆగిపోవాలి. తప్పెట్ల చప్పుడు మలుపు తిరిగి సన్నబడింది. నిలబడిన పిల్లలు ఒక్కొక్కరే ఇళ్ళకు పోయారు. తలెత్తి చూస్తే పైన ఆ పెద్ద కిటికీల్లోంచి గదంతా కనబడుతోంది. ఒక్క మనిషి లేడు. కంప్యూటర్లన్నీ ఆన్‌లోనే ఉన్నాయి. ఖాళీ కుర్చీల ముందు ఆ తెరల మీద రంగురంగుల గీతలు తమంతట తాము తిరుగుతున్నాయి.

"అట్లే ఒదిలేసి పొయినారక్కా," అంది మేస్త్రీ కూతురు. కొంగుతో ముఖం తుడుచుకుని మెట్లెక్కింది.

నేను కింద నిలబడి చూశాను. ఆ పిల్ల ఒక్కొక్క మిషను దగ్గరా వంగి, ఆపి, పక్కదానికి జరుగుతోంది. కిటికీలో ఒక్కొక్క వెలుగే తగ్గుతూ వచ్చింది. చివరిదాని దగ్గర మాత్రం వంగలేదు. కుర్చీ లాక్కుని దాని ముందు కూర్చుంది. చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. పక్కన ఎవరో స్టూలు వేసుకుని కూర్చోవడానికి చోటు వదిలినట్టు, కొంచెం ఒక పక్కకు జరిగి కూర్చుంది.